చెర్రీలు పోసిన ఏడాది

ఎల్స్‌బేక్,
మార్చి, 1973

సిదోనీకి,

నువ్వు పంపిన ఉన్ని మేజోళ్ళు అందాయి. నేలమాళిగలోకి దిగేటప్పుడు అవే వేసుకుంటున్నాను. కింద చలి ఎలా ఉంటుందో నీకు తెలుసు కదా.

మీ అన్నయ్య పోయాక ఇదే మొదటి చలికాలం. బ్రూవరీ వాళ్ళ బండి వచ్చింది. వాళ్ళ అటక మీద వెడల్పాటి తొట్టిలో రాత్రంతా చల్లారి, గాలిలోని పులుపు పట్టిన కొత్త బార్లీ రసం, మన పీపాల్లో బీరుగా మారాల్సింది. నేనిక కొననేమో అనుకున్నారట. "ఎవరు చూసుకుంటారమ్మా ఇదంతా?" అన్నాడు బండివాడు. "ఇన్నాళ్ళూ పీపాలు కడిగిందెవరయ్యా?" అన్నాను. గొట్టం అందుకున్నాడు. చెర్రీలకి ఉంచిన పీపాలు తప్ప ఖాళీగా ఉన్నవన్నీ నింపేశాను.

కేఫ్ నడిపే కమీల్ మాత్రం ఊరుకోలేదు. ఆదివారం చర్చి మెట్ల మీద, పదిమందీ వింటుండగా అన్నాడు: "అలీడా, పీపా కడగడం వేరు, అందులో ఏముందో తెలుసుకోవడం వేరు. ఫిర్మిన్ నాలుక ఫిర్మిన్‌తోనే పోయింది." నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మటుకు చాలాసేపు టోపీ తియ్యకుండా కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను.

ఆ మర్నాడే పెద్ద కంపెనీ నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. బూట్లు అద్దంలా మెరుస్తున్నాయి. పీపాలతో పాటు మీ అన్నయ్య పేరు కూడా ఇచ్చెయ్యమంటాడు. క్రీక్ అంటే చెర్రీ బీరే కదా, వాళ్ళకి మాత్రం చెర్రీలతో పని లేదట. డబ్బాల్లో వచ్చే రసం పోసి, చక్కెర కలిపి, పిల్లలు కూడా తాగేలా చేస్తారట. సీసా మీద మాత్రం 'ఫిర్మిన్ క్రీక్' అని ఉంటుందట. ఆలోచిస్తానని చెప్పి, కాఫీ ఇచ్చి పంపాను.

ఆలోచించాను. ఇవ్వను. ఈ జూలైలో చెర్రీలు నేనే పోస్తాను. వచ్చే ఏడు సెప్టెంబరు జాతరకి సీసాలు తయారవుతాయి. మన గేటు దగ్గర ఆగి, మొదటి గ్లాసు తాగిన తర్వాతే కదా బ్యాండు మేళం బజారులోకి వెళ్ళేది. ఈ ఏటికి మీ అన్నయ్య చేసినవే ఉన్నాయి. పై ఏడు ఏం పోస్తానన్నదే ప్రశ్న.

అలీడా


స్కార్‌బేక్,
మార్చి

వదినా,

నీ ఉత్తరం చదువుతూ కుట్టుమిషను ఆపేశాను. ఎవరిదో పెళ్ళిగౌను సూది కింద అలాగే ఉండిపోయింది. పెళ్ళికూతురు వచ్చి తిడితే నీ పేరు చెబుతాను.

కమీల్‌కి నాలుకల సంగతేం తెలుసు? వాడి కేఫ్‌లో సూపుకీ గిన్నె కడిగిన నీళ్ళకీ తేడా కనిపెట్టినవాణ్ణి ఇంతవరకూ చూడలేదు. పైగా నాకు గుర్తుంది, అన్నయ్య ఏ పీపా దగ్గరైనా తటపటాయిస్తే గ్లాసు నీకేగా అందించేవాడు! నువ్వు "ఊఁ" అంటే ఊఁ, "ఉహూఁ" అంటే ఉహూఁ. ఆ సంగతి కమీల్ ఎదుట చెప్పేవాడు కాదు. అంతే తేడా.

ఇక ఆ బూట్లవాడు. మనిషి పోయి ఏడాది తిరక్కుండా ఆ ఇంటి గుమ్మం తొక్కి, పోయినవాడి పేరు బేరమాడతాడా? వాడికి కాఫీ ఇచ్చావా! నేనైతే కాఫీ కెటిల్ నెత్తిన కుమ్మరించేదాన్ని. ఎవరి కొడుకో గానీ ఆ మహాతల్లిని ఒక్కసారి చూడాలనుంది. తిండి పెట్టి పెంచింది గానీ బుద్ధి పెట్టలేదు. నా ఎడ్గార్ కూడా అలాంటి కంపెనీలోనే చేస్తున్నాడు, కానీ వాడు కేఫ్‌లకి నిమ్మసోడాలు అమ్ముకుంటాడు. ఎవరి జోలికీ పోడు. ఒక వ్యాను కూడా ఇచ్చారు వాడికి.

అయినా నా మాట విను. ఎడ్గార్ పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయాక నా పక్క గది ఖాళీగానే ఉంది. తడి మెట్లెక్కి దిగే వయసా నీది? ఈ ఏడు ఏ చిన్న తేడా వచ్చినా సరే, మొండితనం కట్టిపెట్టి నా దగ్గరకి వచ్చెయ్. ఇద్దరం ఒకరినొకరం దెప్పుకుంటూ హాయిగా బతుకుదాం.

సిదోనీ


ఎల్స్‌బేక్,
మే

సిదోనీకి,

ఇక్కడంతా బాగానే ఉంది. ఎండ బాగా కాస్తోంది.

పాత బీరు పీపాలన్నీ రుచి చూశాను. ముందు పలకకి ఉన్న చిన్న మేకు లాగితే సన్నటి ధార వస్తుంది కదా, అది గ్లాసులో పట్టి, మళ్ళీ మేకు కొట్టెయ్యడం. మూలనున్న పీపా మెత్తబడింది, పాత గుర్రపుజీను వాసన. మీ అన్నయ్య ఎప్పుడూ చెర్రీలకి అలాంటిదే ఎంచేవాడు. కిటికీ పక్కది మాత్రం నాలుక మీద కత్తి గీసినట్టుంది. కానీ మింగాక చాలాసేపు నోట్లో ఉండిపోతుంది. దాన్ని వదలబుద్ధి కావడం లేదు. రెండింటి మధ్యా తిరుగుతున్నాను.

సాలెగూళ్ళు దులపలేదు. ఈగల పని అవే చూసుకుంటాయి.

ఆ కంపెనీ అబ్బాయి తల్లిని ఏమీ అనకు. ఆవిడ మంచి మనిషే అయ్యుంటుంది. పిల్లలు ఉద్యోగాలు తల్లుల్నడిగి చేస్తారా ఏమన్నా?

పని ఉంది, ఉంటాను.

అలీడా


స్కార్‌బేక్,
జూన్

వదినా,

"ఎండ బాగా కాస్తోంది" అని రాశావు. అవును, కాస్తోంది. ఏప్రిల్‌లో ఏం కురిసిందో కూడా రాయాలి కదమ్మా!

శనివారం సంతలో మీ ఊరి మరీస్ దగ్గర ముల్లంగి కొంటున్నాను. "ఈ ఏడు చెర్రీలు తెస్తావా?" అన్నాను మాటవరసకి. ఆవిడ నా ముఖం వింతగా చూసింది. "నీకు తెలీదా? ఒక్క తెల్లవారుజామున మంచు పడి పూతంతా మాడిపోయింది. వాగు పొడుగునా ఒక్క కాయ లేదు. మీ వదిన వచ్చి చెట్ల మధ్య నిలబడి చూసింది. తర్వాత ఇంటికెళ్ళిపోయింది" అంది. ముల్లంగి అక్కడే వదిలేసి ఇంటికొచ్చాను.

నాకెందుకు చెప్పలేదో తెలుసు. చెబితే "వచ్చెయ్" అంటానని. ఔను, అనేదాన్నే. అందుకని దాస్తావా?

ఇంకోటి కూడా దాచావు. దాని సంగతి విను.

నిన్న ఆదివారం ఎడ్గార్, కోడలు లుట్‌గార్డ్ భోజనానికొచ్చారు. కుందేలు వండాను. మరీస్ మాట విన్నప్పటి నుంచి కోపంగానే ఉన్నాను. ఆ కోపమంతా బూట్లవాడి మీదికి మళ్ళింది. "మీ అత్తయ్యకి ఉన్న కష్టాలు చాలవని, ఎవడో మెరిసే బూట్లేసుకుని ఆమె పీపాలు కొట్టెయ్యడానికి వచ్చాడటరా. వాణ్ణి కన్నది ఎవరో గానీ..." అని మొదలుపెట్టాను. ఎడ్గార్ ముక్క నోట్లో పెట్టుకుని నమలడం మానేశాడు. లుట్‌గార్డ్ తలొంచుకుని బల్ల కిందికి చూసింది. నేనూ వంగి చూశాను. వాడి బూట్లలో నా ముఖం కనిపించింది వదినా.

"నిమ్మసోడాలన్నావు కదరా?"

"నిమ్మసోడాలూ అమ్ముతానమ్మా."

"'లూ' ఏమిట్రా 'లూ'!"

వాడు మంచి ఉద్దేశంతోనే వెళ్ళాడట. అత్తయ్య ఒక్కతే ఏం చేసుకుంటుంది, నాలుగు రాళ్ళొస్తాయి కదా అనుకున్నాడట. మామయ్య పేరు అన్ని ఊళ్ళలోనూ వినిపిస్తుందని కూడా అనుకున్నాడట. "వినిపిస్తుందిరా, చక్కెర నీళ్ళ సీసా మీంచి" అన్నాను. కుందేలు ఎవరమూ సరిగ్గా తినలేదు. ఆ మహాతల్లిని చూడాలని రాశానే, అద్దంలో చూసుకున్నాను. నువ్వేమో ఆవిడ మంచిదే అయ్యుంటుందన్నావు. నవ్వుకుని ఉంటావులే.

ఇప్పుడు అసలు సంగతి. మూడో అంతస్తులో నా కుట్టుమిషను కిటికీ ఎదురుగానే ఉంటుంది కదా. ఇళ్ళ వెనక దొడ్లన్నీ కనిపిస్తాయి. కోపం తగ్గాక బయటికి చూస్తూ కూర్చున్నాను. సన్యాసినుల బడి వెనక గోడ వారగా చెర్రీ చెట్లు, ఆకుల మధ్య పచ్చటి గుత్తులు! నాలుగిళ్ళవతల ఇంకో చెట్టు. రైలుకట్ట వైపు మరోటి. ఏప్రిల్‌లో అవి తెల్లగా పూసి ఉండటం నేను రోజూ చూశాను, ఏ చెట్లో మాత్రం పట్టించుకోలేదు. ఇన్ని గోడలూ, ఇన్ని పొగగొట్టాలూ ఉన్నచోట మంచు ఏం పడుతుంది?

అసలు ఆ పండుకి పేరే మా ఊరిది. స్కార్‌బేక్ చెర్రీ అంటారా లేదా? ఊరంతా ఇళ్ళు కట్టేశారు, ఇక్కడ ఎప్పుడో అయిపోయాయనుకున్నాం. అయిపోలేదు వదినా. దొడ్లలో దాక్కున్నాయి.

ఎలా కోయాలో, ఎప్పుడు కోయాలో వెంటనే రాయి. వచ్చెయ్ అన్న మాట ఈ జూలై దాకా అనను.

సిదోనీ


ఎల్స్‌బేక్,
జూన్

సిదోనీ,

నీ ఉత్తరం నిలబడే చదివాను. తర్వాత కూర్చుని మళ్ళీ చదివాను.

ఎడ్గార్ "అత్తయ్యా" అంటూనే లోపలికొచ్చాడు. నీకు ఆ పేరు రాస్తే తల్లీకొడుకుల మధ్య ఏమవుతుందోనని రాయలేదు. కుందేలు పాడైనందుకు మాత్రం బాధగా ఉంది.

ఇక విను. తొందరపడకు. ఎర్రబడగానే కోసేస్తారు చాలామంది. అప్పుడు కాదు. నల్లబడాలి, తొక్క కాస్త ముడతపడాలి, తొడిమ పట్టుకుంటే చాలు చేతిలోకి రావాలి. ఆ సమయం నీకంటే ముందు గోరింకలకి తెలుస్తుంది, కాబట్టి కాపలా కాయాలి. చిన్న పండు, పెద్ద గింజ, అదే మనది. లావుగా తియ్యగా ఉండేవి ఎవరైనా ప్రేమగా ఇచ్చినా తీసుకుని జామ్ చేసుకో, ఇందులో కలపకు. కడగొద్దు. గింజ తియ్యొద్దు, ఆ గింజలోంచే బాదం వాసన వస్తుంది. బుట్టల్లో లోతుగా పోస్తే కిందవి నలుగుతాయి. కోసిన రోజే పీపాలో పడాలి.

ఇవన్నీ ఎలా చేస్తావో, ఇంత దూరం ఎలా పంపుతావో నాకు తెలియడం లేదు. అయినా పీపాలు కడగడం మొదలుపెట్టాను.

అలీడా


స్కార్‌బేక్,
జూలై, ఆదివారం

వదినా,

ఈ ఉత్తరం బుట్టలతో పాటే నీకు చేరుతుంది. చేతులు కడిగినా ఎరుపు పోలేదు, కాగితం మీద మరకలుంటే ఏమనుకోకు.

మొదట సన్యాసినుల దగ్గరకి వెళ్ళాను. పెద్దమ్మగారు కళ్ళజోడు పైకి తోసి, "మంచి పనికేనా అమ్మా?" అని అడిగింది. అబద్ధమాడలేకపోయాను. "బీరు పీపాల్లోకి వెళతాయమ్మా" అన్నాను. కళ్ళజోడు సర్దుకుని, "మా నాన్న కూడా అదే తాగేవాడు. నిచ్చెన షెడ్డులో ఉంది" అంది.

తర్వాత నాలుగిళ్ళవతల చెట్టు. ఆ ఇంట్లో టర్కీ నుంచి వచ్చిన వాళ్ళుంటారు. ఇల్లాలి పేరు షెరిఫే. నేను చేతులూపుతూ ఏదో చెబుతుంటే, ఆమె నన్ను లోపలికి లాక్కెళ్ళి ఎర్రటి షర్బత్ గ్లాసు చేతిలో పెట్టింది. ఇదే పండు! వాళ్ళ ఊళ్ళో కూడా ఉందట. ఇక్కడికొచ్చిన మొదటి ఏడు దొడ్లో ఈ చెట్టు చూసి ఏడ్చేసిందట. సంగతంతా విన్నాక, "ఇంత మంచి పండు బీరులో పోసి పాడుచేస్తారా!" అని నెత్తి కొట్టుకుంది. ఆమె చుక్క ముట్టదు. అయినా గోరింకలు వాలిన రోజు నుంచి తన దొడ్లోనూ సన్యాసినుల గోడ మీదా గిన్నెలు వాయించింది ఆమే. ఈ రోజు అందరికంటే ముందు చెట్టెక్కిందీ ఆమే. "నీ వదిన కోసం, బీరు కోసం కాదు" అని నాకు నాలుగుసార్లు చెప్పింది.

ఎడ్గార్ తెల్లచొక్కాతో వచ్చాడు. "చొక్కా మార్చుకోరా" అన్నా వినలేదు. సన్యాసినుల నిచ్చెన ఎక్కి మధ్యాహ్నానికల్లా కసాయివాడిలా దిగాడు. బూట్ల సంగతి చెప్పక్కర్లేదు. వీధిలో వాళ్ళు ఒకళ్ళొకళ్ళే బుట్టలు పట్టుకుని వచ్చారు. ఎవరికి వాళ్ళకి గోడ వెనక ఒక చెట్టు ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఏళ్ళుగా పిట్టలకి వదిలేస్తున్నవి!

వ్యాను నిండింది. అవును, ఆ వ్యానే. కంపెనీ పేరు రెండు వైపులా అంతెత్తున రాసి ఉన్నదే. నేను కూర్చోవడానికి చోటు లేదు, ముందు సీటులో కూడా బుట్టలే. ఎడ్గార్‌ని ఏమీ అనకు. అనదలచుకుంటే పని అయ్యాక అను.

సిదోనీ


ఎల్స్‌బేక్,
ఆగస్టు

సిదోనీ,

చేరాయి. అన్నీ చేరాయి. ఒక్క బుట్ట కూడా నలగలేదు.

ఎడ్గార్ వ్యాను దిగి తలొంచుకుని నిలబడ్డాడు. నేను ఒక చెర్రీ నోట్లో వేసుకున్నాను. గింజ కొరికాను. మీ అన్నయ్య ఉంటే ఏమనేవాడో తెలియదు, నాకు మాత్రం కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. వాడు కంగారుపడి, "పుల్లగా ఉన్నాయా అత్తయ్యా?" అన్నాడు. "పుల్లగానే ఉండాలిరా వెధవా, ఆ గరాటు పట్టుకో" అన్నాను.

పీపా లోపల కుళాయి దగ్గర ఎండుకొమ్మల కట్ట పెట్టాను, గింజలు అడ్డం పడకుండా. ఇద్దరం కలిసి చెర్రీలు పోశాం. తర్వాత పాత బీరున్న పీపాల ముందు నిలబడ్డాను. మెత్తటిదా, కత్తిలాంటిదా? చెర్రీల మీద రెండూ పోశాను సిదోనీ. కత్తిలాంటిది ఎక్కువ, మెత్తటిది తక్కువ. ఆయన ఎప్పుడూ అలా చెయ్యలేదు.

నాలుగు రోజులకి పొంగింది. పైరంధ్రంలోంచి గులాబీ నురగ ఉబికి, పీపా పొట్ట మీంచి కారి, నేలంతా ఎర్రబడింది. ఇల్లంతా చెర్రీ వాసన. నేను మెట్ల మీద కూర్చుని ఆ బుసబుస వింటూ రొట్టె తిన్నాను.

ఒక్క తమాషా జరిగింది. వ్యాను మన దొడ్లోకి రావడం కమీల్ చూశాడు. కంపెనీ పేరు చూశాడు. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది, అలీడా అమ్మేసిందని! కాదని చెప్పాను. "ఎందుకు దాస్తావులే, మంచి పనే చేశావు" అని భుజం తట్టాడు. ఇక చెప్పడం మానేశాను.

ఎడ్గార్‌కి నువ్వు పంపిన మేజోళ్ళలో ఒక జత ఇచ్చి పంపాను. వాడివి పిండితే చెర్రీ రసం కారింది.

అలీడా


ఎల్స్‌బేక్,
ఏప్రిల్, 1974

సిదోనీ,

చాలా రోజులైంది రాసి. రాయడానికి మంచి కబురు లేదు.

చలి ఉండగానే బీరుని చెర్రీల మీంచి దించి, కొంచెం కొత్త రసం కలిపి సీసాల్లో పట్టాను. ఆ కొత్త రసమే సీసాలో మళ్ళీ పొంగి నురగ తేవాలి. ఈస్టరు ఆదివారం ఒకటి తెరిచాను. కమీల్ కూడా ఉన్నాడు, నేనే పిలిచాను. బిరడా చప్పుడు లేకుండా ఊడివచ్చింది. గ్లాసులో బుడగన్నది లేదు. కమీల్ తాగి, గ్లాసు మెల్లగా బల్ల మీద పెట్టాడు. ఎగతాళి చేసుంటే బాగుండేది. జాలిపడ్డాడు. "ప్రయత్నించావు, అలీడా" అన్నాడు.

జాతర కమిటీకి ఇప్పుడు వాడే పెద్ద. ఈ సెప్టెంబరుకి కంపెనీ బీరు చెప్పేశారు. బజారులో వాళ్ళ డేరా వేస్తారు. ఊరేగింపు చర్చి నుంచి తిన్నగా బజారుకే. మన సందు వైపు రాదు.

కిందికి దిగి సీసాల వరసల్ని చూసి, మళ్ళీ పైకి వస్తున్నాను. నువ్వు చెప్పిన గది గురించి ఆలోచిస్తున్నాను. ఈసారి నిజంగానే.

అలీడా


స్కార్‌బేక్,
ఏప్రిల్

వదినా,

గది లేదు.

నిజంగానే లేదు. షెరిఫే, నేను కలిసి కుట్టుపని చేస్తున్నాం. ఆ గది నిండా గుడ్డల తానులే. నువ్వొస్తే నిన్ను కూడా చుట్టి బీరువాలో పెట్టాలి.

ఈస్టరుకి ఎంత చలి వేసిందో మర్చిపోయావా? చల్లటి వంటింట్లో పిండే పొంగదు, నీ సీసా ఎలా పొంగుతుంది? కమీల్‌కి ముందే చూపించాలన్న తొందరెందుకు పుట్టింది నీకు? వాడి నోరు ఎలా మూయిద్దామా అనే కదా. ఇప్పుడు కాస్త ఆగు. సీసాల్ని ముట్టుకోకు, కదపకు, ఏడిపించకు.

మరో మాట. లుట్‌గార్డ్ కడుపుతో ఉంది, నాలుగో నెల. సెప్టెంబరంటున్నారు. ఎడ్గార్ నాలుగు రోజులుగా ఎవరేమడిగినా నవ్వుతున్నాడు. వ్యాను వెనకాల మరకలింకా పోలేదట. అదేమిటని పైవాడు అడిగితే "నిమ్మసోడా ఒలికింది సార్" అన్నాడట. ఎర్రటి నిమ్మసోడా! నా కొడుకే.

సిదోనీ


ఎల్స్‌బేక్,
జూన్

సిదోనీ!

పేలింది! ఇందాకే!

వారంగా ఎండలు మండిపోతున్నాయి. వంటింట్లో ముల్లంగి తరుగుతుంటే కింద నుంచి ఢామ్మని చప్పుడు. దొంగలనుకుని పొయ్యికట్టె తీసుకుని దిగాను. గోడంతా ఎర్రగా చిమ్మి ఉంది, పైకప్పు నుంచి చుక్కలు కారుతున్నాయి, సాలెపురుగులు పరుగులు తీస్తున్నాయి. ఒక సీసా ముక్కలైపోయింది. ఆ గాజుపెంకుల మధ్య నిలబడి పొయ్యికట్టెతో సహా గంతులేశాను. ఈ వయసులో.

ఇంకోటి తెరిచాను. బిరడా నా చేతిలోంచి తప్పించుకుని దూలానికి తగిలింది. నురగ గులాబీ రంగు. రుచి ఎలా ఉందో రాయను. వచ్చి తాగు.

కమీల్‌కి చెప్పలేదు. ఈసారి చెప్పను.

అలీడా


ఎల్స్‌బేక్,
సెప్టెంబరు, జాతర మర్నాడు

సిదోనీ,

మీరెవరూ రాలేకపోయారు. కోడలికి నొప్పులు మొదలయ్యాయని నువ్వు కేఫ్‌కి ఫోన్ చేసి చెప్పిన కబురు అందింది. కమీలే వచ్చి చెప్పాడు. కాన్పు కబురు కోసం ఎదురుచూస్తూనే ఇది రాస్తున్నాను. అన్నీ వరసగా రాస్తాను, తొందరపెట్టకు.

నిన్న పొద్దున పూజకి వెళ్ళి, తిరిగొచ్చి గేటు తీసి పెట్టాను. ఎవరూ రారని తెలుసు. అయినా ఏటా తీసే గేటు మూసి ఉంచడానికి చేతులు రాలేదు. బల్ల మీద తెల్లగుడ్డ పరిచాను. తెల్లజున్ను, రొట్టె, ముల్లంగి పెట్టాను. సీసాల్ని బుట్టల్లో ఒరిగించి నీడలో ఉంచాను. కుర్చీ వేసుకుని కూర్చున్నాను, చర్చికి వేసుకెళ్ళిన నల్లగౌనుతోనే.

మేళం మొదలైంది. చర్చి దగ్గర బయల్దేరి రొట్టెలకొట్టు మూల దాకా వచ్చింది. అక్కడి నుంచి తిన్నగా బజారుకి పోవాలి కదా, చప్పుడు తగ్గుతుందని ఎదురుచూస్తున్నాను. తగ్గలేదు. పెరిగింది. పెద్ద డోలు దెబ్బలకి బల్ల మీద గ్లాసులు అదురుతున్నాయి. లేచి గేటు దగ్గరకి వెళ్ళేసరికి మేళంలో డోలు వాయించే గుస్తాఫ్! పొట్ట మీద డోలు, ముఖం ఎర్రగా, మన సందులోకి తిరిగి నేరుగా నా మీదికే వస్తున్నాడు. వాడి వెనక బాకాలు, వాటి వెనక సన్నాయిలు, వాటి వెనక ఊరు.

గేటు దగ్గర ఆగి, "దారి తప్పాను, అలీడా" అన్నాడు గుస్తాఫ్. నవ్వలేదు.

"ఇన్నేళ్ళుగా వాయిస్తున్నావు, దారి తెలీదా?"

"కాళ్ళకి తెలిసిన దారి ఇదొక్కటే. కమిటీ కాళ్ళతో మాట్లాడలేదు. పోస్తావా, వాయించమంటావా?"

నువ్వు చూడాల్సింది సిదోనీ. మేయరుగారు నడుముకి పట్టీ కట్టుకుని, పక్కన కమీల్, ముందు జెండా పట్టుకున్నవాడు, ముగ్గురూ బజారు దాకా ఠీవిగా నడిచారట. డేరా దగ్గరకెళ్ళి ఉపన్యాసానికి వెనక్కి తిరిగితే ఒక కుక్క తప్ప ఎవరూ లేరట.

మొదటి సీసా తెరిచాను. బిరడా పేలుడికి బాకావాడు ఉలిక్కిపడ్డాడు. పోశాను. గుస్తాఫ్ గ్లాసు ఎండకేసి పట్టి చూశాడు. తాగాడు. వాడు కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచి, ఖాళీ గ్లాసు నా ముందుకి చాచాడు. రెండోదీ తాగాక డోలుకర్ర ఎత్తి ఒక్కటేశాడు చూడు! ఆ దెబ్బకి దొడ్డంతా ఒక్కసారి అరిచింది. ఆ తర్వాత నాకు కూర్చునే తీరిక దొరకలేదు.

చివరికి కమీల్ వచ్చాడు. జనాన్ని తోసుకుంటూ తిన్నగా బల్ల దగ్గరకి వచ్చి నిలబడ్డాడు.

"వరసలో రా" అన్నాను.

"అలీడా, నేను కమిటీ..."

"అయితే వరస చివర ఎక్కడుందో నీకే బాగా తెలియాలి."

వెళ్ళాడు! నిలబడ్డాడు! తన వంతు వచ్చేదాకా టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. గ్లాసు అందించాను. ఒక గుటక నోట్లో చాలాసేపు తిప్పాడు. ముఖంలో రంగులు మారాయి.

"ఇది ఫిర్మిన్ చేసింది కాదు" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు దగ్గరకి జరిగారు.

"కాదు" అన్నాను. "ఫిర్మిన్ ఇలా చేసేవాడు కాదు. ఇది నాది."

కమీల్ ఇంకో గుటక తాగాడు. "దీనికి పదునుంది. ఫిర్మిన్‌దానికి లేదు" అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని అందరికీ వినపడేలా అన్నాడు: "కేఫ్‌కి ఎన్ని ఇవ్వగలవు?"

"నువ్వెన్ని మొయ్యగలవో అన్ని. నువ్వే మొయ్యాలి."

నీడలో ఉన్న బుట్టలు చాలక కింద నుంచి పైకి మోయించాను వాడి చేత. సాయంత్రానికి బజారులోని డేరాలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయట. కంపెనీ తరఫు మనిషి కూడా చివరికి ఇక్కడికే వచ్చి తాగాడు. మన ఎడ్గార్ కాదులే, ఇంకోడు. బూట్లు మాత్రం అవే రకం.

మీ అన్నయ్యకి ఒక గ్లాసు పోసి సమాధి దగ్గర పెడదామనుకున్నాను. పెట్టలేదు. తీసుకెళుతూ దారిలో నేనే తాగేశాను. ఆయన ఏమీ అనుకోడు.

నువ్వూ, షెరిఫే, సన్యాసినుల పెద్దమ్మగారూ, వీధివాళ్ళంతా నిన్న నా దొడ్లో లేరని తప్ప, నాకే లోటూ లేదు. కోడలి కబురు వెంటనే రాయి.

అలీడా


స్కార్‌బేక్,
సెప్టెంబరు

వదినా,

ఆడపిల్ల! మీ మేళం మన సందులోకి తిరిగిన పొద్దునే, ఇంచుమించు అదే వేళకి పుట్టింది. గొంతు విన్న నర్సు "దీనికి బాకా ఎందుకు, ఇదే చాలు" అంది.

నీ ఉత్తరం ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని అందరికీ చదివి వినిపించాను. మేయరుగారి వెనక కుక్క దగ్గరికొచ్చేసరికి ఎడ్గార్ గోడకి చేరగిలబడి నవ్వాడు. లుట్‌గార్డ్ కుట్లు నొప్పెడుతున్నాయి, ఆపండి బాబోయ్ అంటూనే నవ్వింది. పక్క గదిలోంచి ఎవరో తలుపు కొట్టారు. కమీల్ వరసలో నిలబడ్డ చోటు మూడుసార్లు చదివించుకుంది షెరిఫే. విన్నాక, "మంచిది. అయినా షర్బతే మేలు" అంది. పసిదాని కోసం నారింజ రంగు గౌను కుట్టి తెచ్చింది, కాళ్ళు దాటి ఇంకా బారెడుంది. పెరుగుతుంది కదా అంటుంది.

వచ్చే ఆదివారం వస్తున్నాం, అందరం. షెరిఫే కూడా వస్తుంది, నిన్ను చూడ్డానికి. ఎడ్గార్ పాత బూట్లేసుకుని వస్తానంటున్నాడు.

పసిదాన్ని ఎత్తుకుని ముందు పీపాల గదిలోకే తీసుకెళ్ళు. ఆ పులుపు వాసన ముక్కుకి తగలనీ. ముక్కు చిట్లించిందో, అది మా నిమ్మసోడాల వంశం. చిట్లించకుండా ఇంకా పీల్చిందో, ఇక దాన్ని నీ చేతుల్లోంచి మాకెవరికీ తిరిగి ఇవ్వక్కర్లేదు.

సిదోనీ